ప్రిన్స్ ఆఫ్ పర్షియా: సౌండ్ గరగర, షిఫ్ట్ కీ గొడవ. డాస్‌బాక్స్ తెలిసినవాళ్లు ఒకసారి చూడండి

ఉక్కునగరం_కుర్రోడు
నాన్న ప్లాంట్‌లో రిటైరై రెండేళ్లయింది. మోకాలి ఆపరేషన్ తర్వాత నెల రోజులుగా మంచం మీదే ఉన్నారు. మొన్న రాత్రి మాటల్లో "మన క్వార్టర్స్‌లో 486 కంప్యూటర్ మీద ఆడేవాణ్ణే, తెల్ల బట్టల కుర్రాడు గంటలో రాకుమారిని విడిపించాలి, ఆ గేమ్ ఇప్పుడు దొరకదా?" అని అడిగారు. ఆయన తనకంటూ ఏదైనా అడగడం నాకు గుర్తు లేదు. అందుకే ఇది ఎలాగైనా నడిపించాలి.

ఫ్లాపీలో ఉన్న ఫైళ్లు అన్నయ్య ఎప్పుడో సీడీలో రాసి పెట్టాడు, అది దొరికింది. విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో పాత డాస్ గేములు నడిపించే డాస్‌బాక్స్ 0.74-3 వేశాను. గేమ్ ఓపెన్ అవుతోంది. కానీ మూడు సమస్యలు. ఒకటి, సౌండ్ గరగరమంటూ తెగిపోతోంది. రెండు, కుర్రాడు దూకిన కాసేపటికి దూకిన శబ్దం వస్తోంది. మూడు, నాన్న ఆడుతుంటే ఉన్నట్టుండి ఏదో విండో వచ్చి గేమ్ వెనక్కి పోతోంది. నేను ఆడితే అలా రావడం లేదు. ఆయన "నేనేం నొక్కానురా" అని చిన్నబుచ్చుకుని కీబోర్డ్ పక్కన పెట్టేశారు. అది చూడలేకపోయాను.

అరవైనిమిషాలు
మూడోది తేలికే. అది స్టికీ కీస్ విండో. షిఫ్ట్ వరసగా ఐదుసార్లు నొక్కితే విండోస్ దాన్ని తెస్తుంది. ఈ గేమ్‌లో అన్నిటికీ షిఫ్టే కదా: కత్తి తీసుకోవడం, సీసా తాగడం, జాగ్రత్తగా ఒక్కో అడుగు వేయడం, గట్టు పట్టుకుని వేలాడటం, కత్తి దెబ్బ వేయడం. సైనికుడు ఎదురైతే ఐదేం ఖర్మ, యాభైసార్లు నొక్కుతాం. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో కీబోర్డ్, అందులో స్టికీ కీస్ షార్ట్‌కట్ ఆఫ్ చేయండి. నాన్నగారి తప్పేమీ లేదని చెప్పండి.

ఉక్కునగరం_కుర్రోడు
అదే! ఆఫ్ చేశాను, ఇంక రావడం లేదు. నేను మెల్లగా ఆడతాను కాబట్టి నాకు రాలేదన్నమాట. ఆయన కత్తియుద్ధంలో టకటకా కొట్టేస్తారు.

కంచరపాలెం_కీబోర్డ్
ల్యాప్‌టాప్ కీబోర్డులకు ఇంకో జబ్బుంది. మూడు కీలు కలిపి నొక్కితే ఒకటి అందదు. పై బాణం, పక్క బాణం, షిఫ్ట్ కలిపి నొక్కితే గట్టు పట్టుకోకుండా పడిపోతాడేమో, ఒకసారి చూసుకోండి.

పాత486
కంచరపాలెం చెప్పింది నిజమే కానీ ఈ గేమ్‌కి కాదు. షిఫ్ట్, కంట్రోల్, ఆల్ట్ కీలకు సాధారణంగా విడిగా దారి ఉంటుంది, మిగతా కీలతో కొట్టుకోవు. పై బాణం, ఎడమ బాణం, స్పేస్ మూడూ కలిపినప్పుడే ఎక్కువగా తప్పుతుంది. ఇద్దరు ఒకే కీబోర్డ్ మీద ఆడే గేముల్లో మరీను. నేనూ మా తమ్ముడూ అలా ఆడుతూ "నువ్వే నా కీ నొక్కేశావు" అని ఎన్నిసార్లు కొట్టుకున్నామో. తప్పు ఇద్దరిదీ కాదని పాతికేళ్ల తర్వాత తెలిసింది.

సౌండ్ సంగతికి వస్తే, రెండు విషయాలు చెప్పండి. ఇయర్‌ఫోన్స్ బ్లూటూతా? డాస్‌బాక్స్ విండో పైన సైకిల్స్ అని, అంటే గేమ్‌కి ఇచ్చే వేగం, ఎంత చూపిస్తోంది?

ఉక్కునగరం_కుర్రోడు
బ్లూటూత్ నెక్‌బ్యాండే. అమ్మ సీరియల్ చూస్తుంటుంది, అందుకని. సైకిల్స్ దగ్గర మ్యాక్స్ అని ఉంది. ఒక వీడియోలో అలా పెట్టమంటే పెట్టాను.

డూమ్_పిచ్చి
మధ్యలో దూరుతున్నాను, నాదీ సౌండ్ సమస్యే. డూమ్ అనే తుపాకుల గేమ్‌లో పాట బ్రహ్మాండంగా వస్తోంది, తుపాకీ శబ్దం మాత్రం సున్నా. రాక్షసులు కూడా మూగే. సెటప్‌లో సౌండ్ బ్లాస్టర్ కార్డు ఎంచుకున్నాను, ఐఆర్‌క్యూ 5 పెట్టాను. మా బావ అదే పెట్టేవాడు.

పాత486
డూమ్, కాసేపు ఆగు. ముందు నాన్నగారి గేమ్.

ఉక్కునగరం, శబ్దం ఆలస్యంగా రావడం బ్లూటూత్ వల్లే. శబ్దాన్ని కుదించి గాల్లో పంపి మళ్లీ విప్పేసరికి సెకనులో ఎంతోకొంత భాగం పోతుంది. సినిమా చూసేటప్పుడు ప్లేయర్ బొమ్మను కూడా అంతే ఆపి లెక్క సరిచేస్తుంది. గేమ్ అలా చేయలేదు, నువ్వు నొక్కగానే కుర్రాడు దూకాల్సిందే. వైరున్న ఇయర్‌ఫోన్ పెట్టు, ఆ ముక్క అయిపోతుంది.

గరగరకి మ్యాక్స్ తీసేయ్. ఇది డాస్‌కి 1990లో వచ్చిన గేమ్, దానికి అంత వేగం అక్కర్లేదు. మ్యాక్స్ పెడితే డాస్‌బాక్స్ నీ ప్రాసెసర్ మొత్తం లాక్కోవాలని చూస్తుంది. ల్యాప్‌టాప్ బ్యాటరీ పొదుపు మోడ్‌లో ఉంటే మధ్యమధ్యలో ఊపిరి అందదు, అప్పుడే శబ్దం తెగుతుంది. సైకిల్స్ ఆటోకి మార్చు, ఇలాంటి గేములకు 3000 దగ్గర మొదలవుతుంది. కంట్రోల్+ఎఫ్12 నొక్కితే పెరుగుతుంది, కంట్రోల్+ఎఫ్11 నొక్కితే తగ్గుతుంది. కొత్త ల్యాప్‌టాపుల్లో ఎఫ్ కీలు వాల్యూమ్‌కీ బ్రైట్‌నెస్‌కీ ఇచ్చేశారు, ఎఫ్‌ఎన్ కూడా పట్టుకోవాల్సి రావచ్చు.

అరవైనిమిషాలు
మ్యాక్స్ వద్దనడం నేను ఒప్పుకోను. నేను అన్నిటికీ మ్యాక్సే పెడతాను, ఎప్పుడూ గరగర రాలేదు.

పాత486
నీది డెస్క్‌టాప్, ఎప్పుడూ కరెంట్ మీదే ఉంటుంది. పైగా నువ్వు ఆడేవి 95, 96 నాటి గేములు, వాటికి ఎంత ఇచ్చినా చాలదు, మ్యాక్స్ సరైనదే. గేమ్ వయసు చూసి పెట్టాలి. తక్కువైనా ఇలాగే తెగుతుంది, గేమ్ శబ్దం తయారు చేసేలోపు సౌండ్ కార్డు దగ్గరున్నది అయిపోతుంది. వినడానికి రెండూ ఒకేలా ఉంటాయి, అక్కడే అందరూ మోసపోతారు.

అరవైనిమిషాలు
నావి 95, 96వే, అది నిజం. సరే.

సముద్రగాలి
అన్నీ మార్చే ముందు ఒక్క పని చేయండి. అదే ఇయర్‌ఫోన్‌లో మామూలు పాట పెట్టి వినండి. పాటలోనూ గరగర ఉంటే డాస్‌బాక్స్‌కి సంబంధం లేదు.

ఎందుకంటున్నానంటే, మాది బీచ్‌కి రెండు వీధుల లోపల. పోయినేడు మూడు వారాలపాటు డాస్‌బాక్స్ సెట్టింగ్స్ ఉండే కాన్ఫిగ్ ఫైల్‌లో ప్రతి లైనూ మార్చాను. ప్రీబఫర్ పెంచాను, బ్లాక్‌సైజ్ 1024 నుంచి 2048 చేశాను, రేటు తగ్గించాను. ఏదీ పనిచేయలేదు. చివరికి ఒకరోజు మధ్యాహ్నం కిటికీ దగ్గర కూర్చుని ఇయర్‌ఫోన్ పిన్ను బయటికి తీసి చూస్తే దాని బంగారు రంగు పోయి కొన దగ్గర పచ్చటి చిలుము పట్టి ఉంది. నల్ల గీతల మధ్యలో అయితే పొడిలా రాలింది. ఉప్పుగాలి. మా ఇంట్లో కిటికీ గొళ్లేలు రెండేళ్లకొకసారి మారుస్తాం, పిన్ను గురించి మాత్రం ఆలోచించలేదు. గుడ్డతో తుడిచి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, పదిసార్లు పెట్టి తీశాను. గరగర పోయింది.

డాబాగార్డెన్స్_రిపేర్
సముద్రగాలి అక్క చెప్పింది వంద శాతం నిజం. మా షాపుకి వచ్చే సౌండ్ కంప్లైంట్లలో బీచ్‌రోడ్డు, జాలారిపేట వైపు నుంచి వచ్చేవాటికి ముందు పోర్ట్ చూస్తాను, తర్వాతే సాఫ్ట్‌వేర్. పిన్ను తుడిచాక పోర్ట్ లోపలికి అగ్గిపుల్లలు, సూదులు పెట్టకండి. లోపలి రేకు వంగిందంటే ఇయర్‌ఫోన్ తీసేసినా ఉన్నట్టే చూపిస్తుంది, స్పీకర్ పలకదు.

డూమ్ బాబూ, నీ సంగతి నేను చూస్తాను. మీ బావది తప్పు కాదు, ఆయన మెషిన్‌లో 5 సరైనదే. అప్పట్లో 7 ప్రింటర్ పోర్ట్‌ది, అందుకని సౌండ్ కార్డుని 5కి పెట్టేవాళ్లం. నా చేత్తో ఎన్ని కార్డులకు జంపర్లు మార్చానో. కానీ డాస్‌బాక్స్ లోపలున్న కార్డు వేరు. దానికి పోర్ట్ 220, ఐఆర్‌క్యూ 7, డీఎంఏ 1, హై డీఎంఏ 5. సెటప్‌లోకి వెళ్లి ఐఆర్‌క్యూ 7 చెయ్.

డూమ్_పిచ్చి
మరి పాట ఎలా వచ్చిందన్నా? కార్డు తప్పయితే అదీ రాకూడదుగా.

డాబాగార్డెన్స్_రిపేర్
మంచి ప్రశ్న. పాట వాయించేది కార్డులోని ఎఫ్‌ఎం చిప్. ఈ స్వరం మొదలుపెట్టు, ఇది ఆపు అని గేమ్ దానికి రాసి పంపిస్తుంది, అంతే. చిప్ తిరిగి గేమ్‌ని పిలవాల్సిన పనే లేదు. తుపాకీ శబ్దం అలా కాదు, అది రికార్డు చేసిన శబ్దం. దాన్ని డీఎంఏ అనే దారి ముక్కలు ముక్కలుగా మోసుకెళ్లి కార్డుకిస్తుంది. ఒక ముక్క అయిపోగానే కార్డు తలుపు కొట్టి "తర్వాతది పంపు" అనాలి. ఆ తలుపు నంబరే ఐఆర్‌క్యూ. నీ గేమ్ 5వ తలుపు దగ్గర కూర్చుంది, కార్డు 7వ తలుపు కొడుతోంది. ఎవరు తీస్తారు? కొన్ని గేముల్లో మొదటి ముక్కే పదేపదే వాగుతుంది, కొన్ని బిగుసుకుపోతాయి, నీది మూగబోయింది.

పాట వచ్చి శబ్దాలు రాకపోతే నంబర్లు కలవలేదని అనుకో. డాస్‌బాక్స్ ప్రాంప్ట్‌లో సెట్ అని కొట్టు, బ్లాస్టర్ అనే లైన్‌లో ఏ220 ఐ7 డీ1 హెచ్5 టీ6 అని ఉంటుంది. గేమ్ సెటప్‌లోనూ అవే ఉండాలి. రెండు చోట్లా ఒకటే మాట చెప్పాలి.

డూమ్_పిచ్చి
7 పెట్టాను. మొదటి గది తలుపు తెరిచిన శబ్దానికే కుర్చీలోంచి లేచాను. థ్యాంక్స్ అన్నా. ఇంకొకటి. ఆడుతూ ఆడుతూ ఉంటే ఒక్కోసారి డాస్‌బాక్స్ మొత్తం మూసుకుపోతోంది. ఎర్రర్ కూడా చూపించదు. సరిగ్గా చచ్చిపోయే టైమ్‌లోనే.

పాత486
చచ్చిపోయే టైమ్‌లో ఎఫ్9 నొక్కుతున్నావు కదా, సేవ్ చేసిన చోటికి వెళ్లడానికి? అప్పటికి వేలు ఇంకా కంట్రోల్ మీదే ఉంటుంది, తుపాకీ పేలుస్తూ. కంట్రోల్+ఎఫ్9 అంటే డాస్‌బాక్స్‌కి "వెంటనే మూసెయ్" అని.

డూమ్_పిచ్చి
ఓర్నాయనో. నెల రోజులుగా ల్యాప్‌టాప్ వేడెక్కి ఆగిపోతోందనుకుని కింద ఫ్యాన్ కొని పెట్టాను.

కంచరపాలెం_కీబోర్డ్
క్యాప్చర్ ఫోల్డర్ కూడా చూసుకో. కంట్రోల్+ఎఫ్6 అంటే సౌండ్ రికార్డింగ్, గేమ్‌లో ఎఫ్6 సేవ్. పేలుస్తూ ఒకసారి సేవ్ చేస్తే వేవ్ ఫైల్ మొదలవుతుంది, మళ్లీ అలా చేస్తేనే ఆగుతుంది. నా హార్డ్ డిస్క్ అలాగే నిండింది.

డూమ్_పిచ్చి
23 ఫైళ్లు ఉన్నాయి.

ఎంవీపీ_మ్యాక్
మీరు నయం. మ్యాక్‌లో కంట్రోల్ పట్టుకుని పక్క బాణం నొక్కితే డెస్క్‌టాపే మారిపోతుంది. డూమ్‌లో పేలుస్తూ తిరగడమంటే అవే రెండు కీలు. మ్యాక్ సెట్టింగ్స్‌లో మిషన్ కంట్రోల్ షార్ట్‌కట్లలో ఆ రెండూ తీసేసేదాకా నేను ఒక్క లెవెల్ దాటలేదు. గేమ్ సెటప్‌లోనే పేల్చే కీ మార్చుకున్నా సరిపోతుంది, ఎఫ్9 గొడవ కూడా తప్పుతుంది.

ఉక్కునగరం_కుర్రోడు
అందరూ చెప్పినవి చేశాను. నెక్‌బ్యాండ్ తీసి వైరు ఇయర్‌ఫోన్ పెట్టాను, సైకిల్స్ ఆటో, బ్యాటరీ పొదుపు ఆఫ్, ఛార్జర్ పెట్టే ఆడుతున్నాం. శబ్దం శుభ్రంగా, టైమ్‌కి వస్తోంది. అక్క చెప్పినట్టు పాటతోనూ చూశాను, పిన్ను బాగానే ఉంది.

కానీ కొత్త సమస్య. నాన్న ఐదు నిమిషాలు విని "ఇది మన గేమ్ కాదురా" అన్నారు. బొమ్మ అదే, మెట్లు అవే, గేట్లు అవే, శబ్దం మాత్రం ఇది కాదంట. "మనదాంట్లో ఇంత పాట లేదు, సన్నగా బీప్ బీప్ అనేది, గేటు ఎత్తుతుంటే టకటకటక అనేది" అంటున్నారు. నాకు అప్పుడు ఆరేళ్లు, గుర్తు లేదు. వెర్షన్ వేరేదేమో?

పాత486
వెర్షన్ కాదు. మీ క్వార్టర్స్‌లో ఉన్న 486కి సౌండ్ కార్డ్ ఉందా? వెనక స్పీకర్లు పెట్టుకునే రంధ్రాలు ఉండేవా?

ఉక్కునగరం_కుర్రోడు
నాన్నని అడిగాను. స్పీకర్లే లేవంట. శబ్దం డబ్బా లోపలి నుంచే వచ్చేదంట. ఆ మెషిన్ చూద్దామన్నా లేదు. హుద్‌హుద్‌కి రేకుల షెడ్డులో ఉండిపోయింది, రేకులెగిరిపోయి రాత్రంతా వానకి తడిసింది.

డాబాగార్డెన్స్_రిపేర్
2014 అక్టోబర్ 12. ఆ తర్వాత నెలంతా నా షాపు ముందు తడిసిన సీపీయూల వరసే. కరెంట్ వచ్చేలోపు కొన్ని ఆరబెట్టి బతికించాను, చాలావాటికి తుప్పు దిగిపోయింది. హార్డ్ డిస్క్‌లో పెళ్లి ఫోటోలున్నాయని ఏడ్చినవాళ్లున్నారు.

పాత486
అయితే నాన్నగారు విన్నది పీసీ స్పీకర్. క్యాబినెట్ లోపల రూపాయి బిళ్లంత స్పీకర్ ఉండేది, ఒకసారికి ఒక స్వరమే పలికేది. సౌండ్ కార్డ్ లేని మెషిన్‌లో ఈ గేమ్ దానితోనే సరిపెట్టుకునేది. మేం ఇంతసేపూ ఆయన ఎప్పుడూ వినని శబ్దాన్ని బాగుచేశాం.

కాన్ఫిగ్ ఫైల్‌లో సౌండ్ బ్లాస్టర్ భాగం తెరువు. స్టార్ట్ మెనూలో డాస్‌బాక్స్ ఆప్షన్స్ అని ఉంటుంది, నొక్కితే ఫైల్ తెరుచుకుంటుంది. ఎస్‌బీటైప్ లైన్‌లో ఎస్‌బీ16 తీసి నన్ పెట్టు. ఓపీఎల్‌మోడ్ లైన్‌లోనూ నన్. కింద పీసీస్పీకర్ లైన్‌లో ట్రూ అని ఉందో లేదో చూడు, మామూలుగా ఉంటుంది. సేవ్ చేసి డాస్‌బాక్స్ మూసి మళ్లీ తెరువు. గేమ్ కార్డు కోసం వెతికి, దొరక్క స్పీకర్‌కి వెళ్తుంది.

అరవైనిమిషాలు
కార్డు ఉండగా స్పీకర్ ఎందుకండీ, ఆ పాట ఎంత బాగుంటుంది! ఆయనకి రెండు రోజులు వినిపిస్తే అలవాటవుతుంది.

సముద్రగాలి
ఆయన అడిగింది ఆయన గేమ్. మంచి పాట కాదు.

పాత486
అక్క మాటే నాదీ. ఇంకొకటి, స్పీకర్ శబ్దం ఇయర్‌ఫోన్‌లో చెవిలో గుచ్చుకుంటుంది. ప్రాంప్ట్‌లో మిక్సర్ అని కొడితే ఏ పరికరం ఎంత గట్టిగా ఉందో చూపిస్తుంది, అందులో స్పీకర్‌ని సగానికి తగ్గించు. వీలైతే ఇయర్‌ఫోన్ తీసి ల్యాప్‌టాప్ స్పీకర్‌లోనే వినిపించు, గదిలోంచి వచ్చినట్టు ఉంటుంది.

ఉక్కునగరం_కుర్రోడు
ఇప్పుడే పెట్టాను. రాస్తుంటే చేతులు ఆగడం లేదు.

గేమ్ మొదలైంది, ఆ సన్నటి బీప్ వచ్చింది. నాన్న దిండుకి ఆనుకుని ఉన్నవారల్లా ముందుకి వంగారు. ఏమీ అనలేదు. గేటు ఎత్తుకుంటూ టకటకటక అంది. అప్పుడు వంటింట్లోంచి అమ్మ "ఏమండీ, అది మళ్లీ మొదలెట్టారా?" అని అరిచింది. పాతికేళ్ల క్రితం కూడా అదే మాట అరిచేదంట. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఒక్కటే మిగిలింది. పడుకుని ఆడితే ల్యాప్‌టాప్ పొట్ట మీద పెట్టుకోవాల్సి వస్తోంది, మోకాలు కదులుతోంది. గేమ్‌ప్యాడ్ కొన్నాను, ద్వారకానగర్‌లో. పెడితే కుర్రాడు తనంతట తనే ఎడమకి పరిగెడుతున్నాడు.

కంచరపాలెం_కీబోర్డ్
డాస్‌బాక్స్ తెరవకముందే ప్యాడ్ గుచ్చారా? తెరిచాక గుచ్చితే ఈ వెర్షన్ గుర్తించదు.

ఉక్కునగరం_కుర్రోడు
ముందే గుచ్చాను. గుర్తిస్తోంది, ఆగడమే లేదు.

డాబాగార్డెన్స్_రిపేర్
కాన్ఫిగ్‌లో జాయ్‌స్టిక్ భాగంలో టైమ్డ్ అనే లైన్ ట్రూ ఉంటుంది, ఫాల్స్ చేసి చూడు. పాత జాయ్‌స్టిక్ ఎంత వంగిందో గేమ్ టైమ్ లెక్కపెట్టి తెలుసుకునేది. ఆ లెక్క తేడా వస్తే వంచకుండానే వంగినట్టు అనుకుంటుంది.

అదీ కుదరకపోతే జాయ్‌స్టిక్ మాటే మరిచిపో. ప్యాడ్ బటన్లని కీబోర్డ్ కీలుగా మార్చెయ్. కంట్రోల్+ఎఫ్1 నొక్కితే కీబోర్డ్ బొమ్మ వస్తుంది. ఎడమ బాణం మీద క్లిక్ చేసి, యాడ్ నొక్కి, ప్యాడ్‌లో ఎడమ నొక్కు. మిగతా బాణాలకీ షిఫ్ట్‌కీ అంతే. సేవ్, ఎగ్జిట్. సేవ్ మర్చిపోతే రేపు మళ్లీ మొదటికే. గేమ్‌లోకి వెళ్లాక కంట్రోల్+కే నొక్కు, కీబోర్డ్ మోడ్‌లో ఉంటుంది. కంట్రోల్+జే నొక్కితే జాయ్‌స్టిక్ మోడ్, అది ముట్టుకోకు.

పాత486
షిఫ్ట్‌ని భుజం బటన్‌కి ఇవ్వు, చూపుడు వేలి కింద ఉండేది. దూకి పడుతూ గట్టు పట్టుకోవడానికి బొటనవేలు బాణాల మీదే ఉండాలి.

ఉక్కునగరం_కుర్రోడు
టైమ్డ్ ఫాల్స్‌తో ఎడమ పరుగు తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. అందుకని రెండో పద్ధతిలో వెళ్లాను, షిఫ్ట్ భుజం బటన్‌కి ఇచ్చాను. బాగుంది. నాన్నకి మొదటి అరగంట తికమకగా ఉంది, రెండుసార్లు ముళ్ల మీద పడ్డారు. ఇప్పుడు కళ్లు తెర మీద నుంచి తిప్పడం లేదు. డాక్టర్ చెప్పిన మోకాలి వ్యాయామం టైమ్ అయిందంటే "ఎస్కేప్ నొక్కరా" అంటారు, ఆపి చేస్తారు, మళ్లీ మొదలు.

డూమ్_పిచ్చి
ఎన్నో లెవెల్ అన్నా?

ఉక్కునగరం_కుర్రోడు
మూడు. ఎముకల గూడు లేచి నిలబడే చోటు. "దీన్ని పొడిస్తే చావదు, కిందకి తోసెయ్యాలి" అని నాకు చెప్తున్నారు. ఇంకా 48 నిమిషాలున్నాయి.